పాత ప్యాకింగ్ థర్మాకోల్‌తో రెండున్నర మీటర్ల అంతరిక్ష నౌక: పూసలు కనబడకుండా, బరువు పెరగకుండా కట్టడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్ల పెట్టెల్లో వచ్చే థర్మాకోల్‌ను ఎనిమిది నెలలుగా పోగు చేస్తున్నాను. ఇప్పుడది ఒక గది మూలంతా ఆక్రమించింది. చంద్రుడి నేల మీద దిగి, మరమ్మతు కోసం నిలిచిపోయిన ఒక పెద్ద సరకుల నౌకను, దాని చుట్టూ పనిచేస్తున్న వ్యోమగాములతో సహా, ఒక డయోరమాగా (ఒక దృశ్యాన్ని చిన్న కొలతలో చూపే నమూనాగా) కట్టాలని నా కోరిక. నౌక ఆకారం పూర్తిగా నా ఊహే. మనిషి బొమ్మలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి 1:72 స్కేలు ఎంచుకున్నాను. నౌక పొడవు రెండున్నర మీటర్లు, అంటే అసలు నౌక 180 మీటర్లు ఉంటుందన్నమాట.

అసలు పని మొదలుపెట్టే ముందు 60 సెంటీమీటర్ల నమూనాలు రెండు చేసి చూశాను. మొదటిదాని మీద స్ప్రే డబ్బాలోని ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టగానే ఒక పక్క మొత్తం కుంగిపోయి గుంటలు పడింది. రెండోదానికి నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగు కుంచెతో మూడు పూతలు వేశాను. అది కరగలేదు గానీ, ఎంత దూరం నుంచి చూసినా రంగు పూసిన థర్మాకోల్ లాగానే కనబడుతోంది తప్ప నౌకలా కనబడడం లేదు. పైన ఏం పూస్తే ఈ లోపం పోతుంది? అంత పొడవు నౌక మధ్యలో వంగకుండా లోపల ఏం పెట్టాలి? కిటికీల వెనక ఎల్‌ఈడీ దీపాలు పెడితే థర్మాకోల్‌కు ప్రమాదం ఉంటుందా? ఇంత పెద్ద కొలతలో ఈ పని చేసినవారు తమ అనుభవం చెబితే నాకు చాలా మేలు చేసినవారవుతారు.

సమాధానం 1

మీ రెండో నమూనా నౌకలా ఎందుకు కనబడలేదో ముందు చెబుతాను, ఎందుకంటే మీ పని మొత్తానికి కీలకం అక్కడే ఉంది. పాలిస్టైరీన్ పూసలను ఆవిరితో ఉబ్బించి, అచ్చులో ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తే వచ్చేదే ప్యాకింగ్ థర్మాకోల్. ఉబ్బిన పూస సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 మిల్లీమీటర్ల పూసను 72తో హెచ్చవేసి చూడండి, దాదాపు 29 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మీ నౌక గోడ నిండా మనిషి తలకాయ కంటే పెద్దవైన గుండ్లు పేర్చి ఉన్నట్టు మన కన్ను చదువుకుంటోంది. రంగు ఎంత చక్కగా వేసినా ఆ గుండ్ల ముందు స్కేలు నిలబడదు. అందుకని థర్మాకోల్‌ను ఎముకగా మాత్రమే వాడుకోండి, చర్మం వేరే పదార్థంతో ఇవ్వండి.

మీరు పోగు చేసినదంతా ఒకే రకం అయి ఉండదు కాబట్టి ముందుగా వేరు చేసుకోవాలి. విరిస్తే చటుక్కున విరిగి, అంచున పూసలు రాలేది పాలిస్టైరీన్. వంచితే విరగకుండా వంగి మళ్లీ మామూలుగా అయ్యేది, తాకితే కాస్త జారుడుగా ఉండేది పాలిథిలీన్ ఫోమ్. దాని మీద తెల్ల జిగురు పట్టదు, రంగు కొన్నాళ్లకు పొరలుగా ఊడిపోతుంది. దాన్ని నౌక గోడలకు వాడకుండా గొట్టాలు, కేబుళ్ల కట్టల లాంటి వాటికి ఉంచుకోండి. ముక్క మీద త్రికోణంలో అంకె ఉంటే పని ఇంకా తేలిక: 6 ఉంటే పాలిస్టైరీన్, 4 ఉంటే తక్కువ సాంద్రత పాలిథిలీన్, 5 ఉంటే పాలీప్రొపిలీన్. సంచుల్లో పోసి అక్కడికక్కడే ఉబ్బించే పసుపుపచ్చ పాలీయూరిథేన్ ఫోమ్ కూడా కొన్ని పెట్టెల్లో వస్తుంది. దాన్ని వేడి తీగతో ఎట్టి పరిస్థితిలోనూ కోయకండి, కాలితే వెలువడే పొగ విషం.

పాలిస్టైరీన్ ముక్కల్లోనూ అచ్చుకు ఆనుకున్న ముఖం నున్నగా, గట్టిగా ఉంటుంది, కోసిన ముఖం పూసలు తేలి ఉంటుంది. వీలైనంత వరకు అచ్చు ముఖాన్నే బయటికి రానివ్వండి. టీవీ పెట్టెలో వచ్చే అంచు ముక్కల్లో చాలావరకు ఎడమ, కుడి జంటలుగా ఉంటాయి, అద్దంలో ప్రతిబింబాల్లాగా. వాటిని కోయకుండా అలాగే నౌక రెండు పక్కలా అమర్చితే, ఎంత జాగ్రత్తగా కోసినా రాని సౌష్ఠవం దానంతటదే వస్తుంది. ఆ ముఖాల మీద వరసగా చిన్న గుండ్రటి ముద్రలు, వాటిలో సన్నని గీతలు మీరు గమనించే ఉంటారు. అచ్చులోకి ఆవిరి పంపే రంధ్రాల గుర్తులవి. వాటిలో 9 మిల్లీమీటర్ల ముద్ర మీ స్కేలులో 65 సెంటీమీటర్ల మూత అవుతుంది. నేనైతే వాటిని పూడ్చేయను. పైన కాగితం పొర వేశాక అదే చోట అట్ట బిళ్ల అతికించి ఇంధనం నింపే మూతలుగా మారుస్తాను.

ఇక చర్మం సంగతి. కోసిన ముఖాలను 180 నంబరు గరుకు కాగితంతో, చెక్క దిమ్మెకు చుట్టి, ఒకే దిశలో తేలికగా రుద్దండి. అటూ ఇటూ రుద్దితే పూసలు ఊడి వస్తాయి. రాలిన పొడి విద్యుదావేశం వల్ల చేతులకు, గోడలకు అంటుకుంటుంది కాబట్టి ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లు ముందే చిలకరించి, పని అయ్యాక తడి గుడ్డతో తుడిచి పొడినంతా సంచిలో కట్టేయండి. అది నీటి కాలువల్లోకి పోకుండా చూడవలసిన బాధ్యత మనదే. తరువాత తెల్ల జిగురును సమాన కొలత నీళ్లతో పలచన చేసి, చింపిన టిష్యూ కాగితం ముక్కలను మూడు పొరలు అతికించండి. కత్తిరించిన ముక్కలు వద్దు, వాటి అంచులు గీతల్లా తేలతాయి. చింపిన అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆరేటప్పుడు కాగితం కుదించుకుని పలచటి పలకలను వంచుతుంది, అందుకని రెక్కల వంటి వాటికి రెండు వైపులా ఒకేసారి పొర వేయాలి. పైన యాక్రిలిక్ గెస్సో (రంగుకు ముందు వేసే చిక్కటి తెల్ల పూత) రెండు పూతలు వేసి 240 నంబరు కాగితంతో రుద్దితే పూసల జాడ మిగలదు.

మీ మొదటి నమూనా పాడవడానికి కారణం స్ప్రేలోని ద్రావకం. ఎసిటోన్, టోలుయీన్, జైలీన్, పెట్రోలు, వీటిలో ఏది తగిలినా పాలిస్టైరీన్ కరిగిపోతుంది. కాగితం, గెస్సో పొరలు పూర్తి చేశాక కూడా స్ప్రేను దూరంగానే ఉంచండి, పిన్ను మోపినంత సందు దొరికినా ద్రావకం లోపలికి దూరి చర్మం కింద గుల్ల చేస్తుంది.

సమాధానం 2

కోత గురించి, లోపలి అస్థిపంజరం గురించి నేను చెబుతాను. వేడి తీగ పరికరాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. 0.4 మిల్లీమీటర్ల నిక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమ లోహం) తీగకు మీటరుకు సుమారు 9 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 40 సెంటీమీటర్ల తీగ అంటే దాదాపు మూడున్నర ఓమ్‌లు, 6 వోల్టులు ఇస్తే 1.7 ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది. అక్కడ మొదలుపెట్టి అవసరాన్ని బట్టి కొద్దికొద్దిగా పెంచుకోండి. తీగ ఎర్రబడకూడదు, కోస్తుంటే పొగ రాకూడదు. పొగ వచ్చిందంటే పాలిస్టైరీన్ మాడి స్టైరీన్ ఆవిరి వెలువడుతోందని అర్థం. దుమ్ము మాస్కు దాన్ని ఆపదు, గాలి ధారాళంగా ఆడే చోటే ఆపగలదు. వేడెక్కిన తీగ సాగి వదులవుతుంది కాబట్టి ఒక చివర స్ప్రింగు తప్పనిసరి. గోడ ప్లగ్గు నుంచి నేరుగా తీగకు విద్యుత్తు ఇచ్చే ఆలోచన కలలో కూడా వద్దు, తక్కువ వోల్టేజీ అడాప్టరే వాడండి.

ముక్కు భాగం లాంటి కోసు ఆకారాలకు థర్మాకోల్ దిమ్మె రెండు చివరలా వేర్వేరు వ్యాసాల ప్లైవుడ్ బిళ్లలు గుచ్చి, వాటి అంచుల వెంట తీగను ఒకే వేగంతో తిప్పండి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ గాడి పడుతుంది. అందుకే ఇద్దరు కలిసి చేస్తే మంచిది, ఒకరు అంకెలు లెక్కపెడుతుంటే రెండోవారి చెయ్యి ఆ లయకు అలవాటు పడుతుంది.

రెండున్నర మీటర్ల నౌకను ఒకే ముక్కగా కట్టకండి, తలుపులోంచి బయటికి రాదు. మూడు భాగాలు చేసి, మధ్యలో అల్యూమినియం చతురస్రపు గొట్టం ఒకటి ఆసాంతం దూర్చండి. ప్రతి భాగానికీ రెండు చివరలా 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్ల అతికించి, గొట్టం ఆ బిళ్లల రంధ్రాల్లోంచే వెళ్లేలా చూడండి. గొట్టం నేరుగా థర్మాకోల్ మీద ఆనితే కొన్ని నెలల్లో అక్కడ అణిగిపోయి నౌక ముక్కు కిందికి వాలుతుంది. లెక్క ఇలా ఉంటుంది: ఘనపు మీటరుకు 20 కిలోల సాంద్రత గల థర్మాకోల్‌ను చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువుతో నొక్కితే దాని మందంలో పదో వంతు అణుగుతుంది. ఏళ్ల తరబడి మోయవలసిన బరువైతే అందులో నాలుగో వంతుకు మించి పెట్టకూడదు. నౌక నిలబడే కాళ్లు కూడా ప్లైవుడ్ బిళ్లలకే బిగించాలి.

రెండు దిమ్మెల మధ్య తెల్ల జిగురు పూసి అదిమితే అంచులు మాత్రమే ఆరి, నడుమ వారం తరువాత కూడా పచ్చిగానే ఉంటుంది, ఎందుకంటే లోపలి నీరు బయటికి పోవడానికి దారి లేదు. పెద్ద ముఖాలకు తేమతో గట్టిపడే పాలీయూరిథేన్ జిగురు పలచగా రాసి, ఒక ముఖాన్ని కొద్దిగా తడిపి, బరువు పెట్టి ఉంచండి. అది ఆరేటప్పుడు ఉబ్బుతుంది, అందుకని అంచు నుంచి రెండు సెంటీమీటర్లు వదిలి రాయాలి. హాట్ గ్లూ (తుపాకీలో కరిగించి రాసే జిగురు) వాడితే తక్కువ వేడి తుపాకీయే వాడండి.

చర్మం విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. నలుగురూ చూసి తాకే చోట పెట్టే నౌకకు కాగితం చాలదు, వేలితో నొక్కితే లొట్ట పడుతుంది. నేను రెండు మిల్లీమీటర్ల మందాన జిప్సం పుట్టీ వేస్తాను. గోడలా గట్టిగా ఉంటుంది, గీతలు చెక్కుకోవచ్చు.

సమాధానం 3

పైన చెప్పిన పుట్టీ విషయంలో నేను గౌరవంగా విభేదిస్తున్నాను, ఎందుకంటే నేనూ ఒకసారి ఆ దారిలోనే వెళ్లి నష్టపోయాను. మీ నౌక సగటు వ్యాసం 40 సెంటీమీటర్లు అనుకుందాం. లోపల గట్టి దిమ్మెగా ఉన్నా థర్మాకోల్ బరువు ఆరు కిలోల పైచిలుకే అవుతుంది. దాని ఉపరితలం మూడు చదరపు మీటర్లు దాటుతుంది, రెండు మిల్లీమీటర్ల పుట్టీ అంటే ఆరు లీటర్లు, ఆరాక దాదాపు ఏడు కిలోలు. ఎముకల కంటే చర్మం బరువైపోతుంది. కాగితం చర్మమైతే అంతా కలిపి కిలో అటూ ఇటూ ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు మారితే రెండున్నర మీటర్ల థర్మాకోల్ సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది లేదా కుదించుకుంటుంది, పుట్టీ అంత సాగదు. నా నౌక మొదటి వేసవిలోనే వెన్ను వెంట బయటికి వినబడేంత చప్పుడుతో పగిలింది. దగ్గరగా చూస్తే పగులు వెంట పుట్టీ పలకలు పైకి లేచి, వాటి కింద తెల్లటి పూసలు తొంగి చూస్తున్నాయి. చేతులు తగిలే కాళ్లు, ముక్కు, తలుపు అంచులకు పుట్టీ వేసుకోండి, పొడవాటి ఒంటికి కాగితమే మేలు.

చర్మం మీద పలకలు అతికించేటప్పుడు కూడా 72 అనే అంకెను మరవకండి. ఒక మిల్లీమీటరు అట్ట మీ స్కేలులో 7 సెంటీమీటర్ల ఇనుప రేకు అవుతుంది, అది యుద్ధనౌకకు సరిపోతుంది గాని అంతరిక్ష నౌకకు కాదు. 0.3 మిల్లీమీటర్ల కార్డు వాడితే రెండు సెంటీమీటర్లకు వస్తుంది. ఒక అంతస్తు ఎత్తు మూడు మీటర్లనుకుంటే కిటికీల వరసల మధ్య 42 మిల్లీమీటర్ల దూరం ఉండాలి, ఎక్కడా తప్పకూడదు. చూసేవారు కొలవరు గాని, వరసలు లెక్క తప్పితే నౌక చిన్నదైపోయిందని వారి కన్ను పట్టేస్తుంది. 1.7 మీటర్ల మనిషి 24 మిల్లీమీటర్లు ఉంటాడు కాబట్టి ఒక బొమ్మను జేబులో ఉంచుకుని, ప్రతి భాగం పక్కన నిలబెట్టి చూస్తూ పని చేయండి.

దీపాల గురించి అడిగారు. ఎల్‌ఈడీ పట్టీలను అల్యూమినియం పట్టాల మీద అతికించి, థర్మాకోల్‌కు రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలండి, ఎందుకంటే 80 డిగ్రీలు దాటితే అది కుదించుకోవడం మొదలుపెడుతుంది. ప్యాకింగ్ థర్మాకోల్ నిప్పు తగిలితే తేలికగా అంటుకుంటుంది కూడా, అందుకని చూసేవారు లేనప్పుడు దీపాలు వెలిగించి ఉంచకండి. అయితే చాలామంది ఊహించని ఇబ్బంది వేరే ఉంది. థర్మాకోల్‌లోంచి వెలుగు పారుతుంది. కిటికీలు వెలగాలని దీపం వేస్తే నౌక మొత్తం కాగితపు లాంతరులా తెల్లగా మెరుస్తుంది. కిటికీల వెనక గదుల లోపలి గోడలకు ముందుగా నల్ల యాక్రిలిక్ రెండు పూతలు వేసి, దాని మీద అల్యూమినియం రేకు అతికించండి. ఈ పని నౌక మూయక ముందే చేయాలి, తరువాత చెయ్యి దూరదు.

చివరిగా నేల సంగతి. మీరు ఎంచుకున్నది చంద్రుడు కాబట్టి దూరపు కొండలను లేత రంగులో, మసకగా వేయకండి. భూమి మీద దూరం తెలియడానికి గాలిలోని మసక తోడ్పడుతుంది, అక్కడ గాలి లేదు. దూరపు రాయి కూడా దగ్గరి రాయంత స్పష్టంగా, దాని నీడ అంతే నల్లగా ఉంటుంది. లోతు చూపించాలంటే వెనకకు పోయేకొద్దీ రాళ్ల, గుంటల పరిమాణాన్నే తగ్గించుకుంటూ పోవాలి. చంద్రుడి మీద నిలబడిన మనిషికి దిగంతం సుమారు 2.4 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. మీ స్కేలులో అది కూడా 34 మీటర్లు కాబట్టి, మధ్యలో ఒక గుట్ట అంచు పెట్టి దాని వెనక మెరుపు లేని నల్లటి వెల్వెట్ కట్టేయండి. సూర్యుడి వెలుగుకు ఒకే ఒక దీపం, పక్క నుంచి, పలచబరిచే తెర ఏదీ లేకుండా ఉండాలి. నౌక చుట్టూ పొగ, దుమ్ము మేఘాలు అని దూది పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. గాలి లేని చోట ఎగిరిన దుమ్ము విసిరిన రాయిలా వంపు తిరిగి నేల మీద పడిపోతుంది, తేలుతూ నిలవదు.

స్ప్రేతో పాడైన మీ మొదటి నమూనాను పారేయకండి. ఆ కుంగిన గుంటలు చంద్రుడి నేలకు పనికొస్తాయి. ద్రావకం వాసన పూర్తిగా పోయేవరకు బయట గాలిలో ఉంచి, తరువాత గుంటల అంచులకు పుట్టీతో గట్టు పోయండి. ఉల్క పడి ఏర్పడిన గుంటకు చుట్టూ ఎత్తయిన గట్టు ఉంటుంది, ద్రావకం తిన్న గుంటకు ఆ గట్టు ఉండదు.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వెంటనే అసలు నౌక మీద చేయి వేయకుండా, రెండో నమూనా మీద రంగు గీకి, సగానికి మూడు పొరల టిష్యూ, సగానికి పుట్టీ వేసి పది రోజులు ఉంచాను. ఆరాక గది చీకటి చేసి, చేతిదీపాన్ని నౌక ఒంటికి ఆనించినట్టుగా పక్క నుంచి వేసి చూశాను. పుట్టీ వైపు పూర్తిగా నున్నగా ఉంది. టిష్యూ వైపు నున్నగానే ఉంది గాని, రెండు చోట్ల ఇంకా పూసల గుంపు నీడలు చిన్న అలల్లా కనబడ్డాయి. అవి నేను గరుకు కాగితంతో సరిగా రుద్దని చోట్లే. పుట్టీ వేసిన సగాన్ని చేత్తో ఎత్తి చూస్తే బరువు తేడా మొదటిసారి అర్థమైంది. ఒంటికి టిష్యూ, కాళ్లకు, ముక్కుకు పుట్టీ అని నిర్ణయించుకున్నాను. ఆవిరి రంధ్రాల ముద్రలు లెక్కపెడితే ఒక్క ఫ్రిజ్ అడుగు ముక్క మీదే నలభై రెండు ఉన్నాయి. ఇంతకాలం వాటిని లోపాలుగానే చూశాను.

ఒక్క సందేహం మిగిలింది. మూడు భాగాలు కలిసే చోట టిష్యూ పొరను అతుకు మీదుగా వేయాలా, లేక ఏ భాగానికి ఆ భాగం విడిగా ముగించాలా?

సమాధానం 1

విడిగానే ముగించండి. ప్రతి భాగం అంచును ప్లైవుడ్ బిళ్ల మీదికి మడిచి లోపల అతికిస్తే అంచు చిరగదు, సాగడానికి, కుదించుకోవడానికి చోటూ ఉంటుంది. అతుకు దాచడానికి 0.3 మిల్లీమీటర్ల కార్డుతో నౌక చుట్టూ ఒక పట్టీ చేసి, ముందు భాగానికి మాత్రమే అతికించి, వెనక భాగం మీదికి ఒక సెంటీమీటరు జారేలా వదిలేయండి. అలాంటి పట్టీలే అతుకు లేని చోట కూడా మరో రెండు మూడు పెట్టండి, అప్పుడు ఏది అతుకో ఎవరికీ తెలియదు. మీ నమూనాలో అలలు కనబడ్డ రెండు చోట్లా మరో పొర వేయకండి. కాగితం ఒలిచి, పూసలను నున్నగా రుద్ది, మళ్లీ మొదటి నుంచి అతికించండి.